యాంటెన్నాతో వచ్చే హెచ్‌డీ టీవీని రికార్డు చేసుకోవడం: తొలి తరం డీవీఆర్‌లకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఇంటి మీద యాంటెన్నా పెట్టుకుంటే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ లాంటి పెద్ద ఛానళ్ళు హెచ్‌డీలో వస్తాయి. నెలకి ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదు. ఈ సంగతి చాలామందికి తెలుసు. వాటిని వచ్చింది వచ్చినట్టు, నాణ్యత రవ్వంత తగ్గకుండా ఇంట్లో రికార్డు చేసుకోవచ్చని, అందుకోసం 2000ల మొదట్లోనే డీవీఆర్‌లనే (డిజిటల్ వీడియో రికార్డర్లు) మంచి యంత్రాలు వచ్చాయని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. అవి ఇప్పటికీ గరాజ్ సేల్స్‌లో, ఈబేలో, ఎవరో ఒకరి అటక మీద కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో ఏది తీసుకోవచ్చు, ఏది వద్దు, తీసుకున్నాక యాంటెన్నా దగ్గర్నుంచి ఫైలు కంప్యూటర్లో చేరేదాకా ఏ పని తర్వాత ఏ పని చేయాలి అన్నది ఇక్కడ వరసగా చెబుతాను. ఉదాహరణలు డల్లాస్ వైపువి ఇస్తున్నాను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్ళు ఎక్కువ, పైగా అక్కడి టవర్ల సంగతి తెలిస్తే యాంటెన్నా సంగతి సగం తెలిసినట్టే.

ఇండియాకి తీసుకెళ్దామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. అమెరికా డిజిటల్ టీవీ ప్రసార పద్ధతి పేరు ఏటీఎస్‌సీ. దూరదర్శన్ భూతల డిజిటల్ ప్రసారాలు డీవీబీ-టీ2లో ఉంటాయి. ఈ డబ్బాల్లోని ట్యూనర్లు, అంటే సిగ్నల్‌ని అందుకునే భాగాలు, దాన్ని గుర్తే పట్టవు.

మొదలుపెట్టే ముందు: ఈ యంత్రం చేసే పని ఏమిటి

1999లో టివో, రీప్లేటీవీ అనే డీవీఆర్‌లు వచ్చినప్పుడు టీవీ ఇంకా అనలాగ్. వచ్చిన బొమ్మని ఆ డబ్బాలే డిజిటల్‌గా మార్చి, కుదించి, హార్డ్ డిస్క్‌లో రాసుకునేవి. అందుకే వాటిలో 'బెస్ట్', 'మీడియం', 'బేసిక్' అని నాణ్యత ఎంచుకోవాల్సి వచ్చేది.

యాంటెన్నా హెచ్‌డీలో ఆ బాధ లేదు. కుదించే పని స్టేషన్ వాళ్ళే చేసి పంపుతారు. బొమ్మ ఎంపెగ్-2లో, ధ్వని డాల్బీ ఏసీ-3లో ఉంటాయి. 6 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో ఛానల్ మీద సెకనుకి 19.39 మెగాబిట్ల ప్రవాహం వస్తుంది. అది 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్లుగా ఉంటుంది. రికార్డయిన ఫైలుని హెక్స్ ఎడిటర్లో (ఫైల్లోని బైట్లని నేరుగా చూపించే ప్రోగ్రాం) తెరిచి చూస్తే ప్రతి 188 బైట్లకి ఒకసారి 47 అనే అంకె కనిపిస్తుంది. ప్యాకెట్ ఎక్కడ మొదలైందో ట్యూనర్‌కి చెప్పే గుర్తు అదే. డీవీఆర్ ఈ ప్యాకెట్లని ఏరి డిస్క్‌లో పెడుతుంది, మళ్ళీ అడిగినప్పుడు తీసి చూపిస్తుంది.

దీనివల్ల రెండు విషయాలు తేలతాయి. మొదటిది డిస్క్ లెక్క. ఛానల్ మొత్తం ప్రవాహం ఒకే కార్యక్రమానికి వెళ్తే గంటకి దాదాపు 8.7 జీబీ అవుతుంది. అంటే 250 జీబీ డిస్క్‌లో 28 గంటలు పడతాయి. స్టేషన్ అదే ప్రవాహంలో రెండు మూడు ఉప ఛానళ్ళని కూడా కుక్కితే హెచ్‌డీకి దక్కేది తగ్గుతుంది. 12 మెగాబిట్లే దక్కితే గంటకి 5.4 జీబీ చాలు.

రెండోది ముఖ్యమైనది. డీవీఆర్ బొమ్మని బాగుచేయదు, పాడుచేయదు. సంపులోకి బురద నీళ్ళు వస్తే ట్యాంకులో ఉండేవీ బురద నీళ్ళే. సిగ్నల్ ఒక క్షణం తెగితే ఆ క్షణం రికార్డింగ్‌లో శాశ్వతంగా పోయినట్టే. లైవ్‌లో ఒకసారి బొమ్మ ముక్కలైతే మర్చిపోతాం. దాచుకున్న రికార్డింగ్‌లో అదే ముక్క చూసినప్పుడల్లా కనిపిస్తుంది. కాబట్టి ఈ పనిలో డబ్బు, ఓపిక మొదట పెట్టాల్సింది యాంటెన్నా మీద. ఖరీదైన డబ్బా కొని, కిటికీకి ఒక రేకు యాంటెన్నా అంటించి, 'డీవీఆర్ బాగాలేదు' అనేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఒకటో మెట్టు: యాంటెన్నా

రాబిట్ఇయర్స్ అనే వెబ్‌సైట్లో గానీ అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ళ డీటీవీ మ్యాప్‌లో గానీ మీ ఇంటి చిరునామా కొట్టండి. ఏ టవర్ ఎటుంది, ఎంత దూరం, సిగ్నల్ ఎంత బలంగా ఉండొచ్చు అన్న జాబితా వస్తుంది. అందులో 'ఆర్ఎఫ్ ఛానల్' అన్న గడిని తప్పకుండా చూడండి. తెర మీద కనిపించే ఛానల్ నంబరు ఒకటి, గాలిలో అసలు వాడే నంబరు ఇంకొకటి. 2020 జులైలో పూర్తయిన ఛానళ్ళ సర్దుబాటు తర్వాత యూహెచ్ఎఫ్ అనే ఎక్కువ పౌనఃపున్యాల పట్టీలో మిగిలినవి 14 నుంచి 36 వరకే. అంతకంటే తక్కువ పౌనఃపున్యాల్లో 7 నుంచి 13 వరకు హై వీహెచ్ఎఫ్, 2 నుంచి 6 వరకు లో వీహెచ్ఎఫ్.

డల్లాస్‌లో పెద్ద ఛానళ్ళ టవర్లన్నీ ఊరికి నైరుతి వైపు సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి అది దాదాపు 40 మైళ్ళు, కొద్దిగా పడమరకి వాలిన దక్షిణం. అన్నీ ఒకే దిక్కున ఉండటం అదృష్టమే, యాంటెన్నాని ఒకసారి తిప్పి బిగిస్తే చాలు. చిక్కల్లా ఏబీసీతో వస్తుంది. డబ్ల్యూఎఫ్ఏఏ స్టేషన్ ఆర్ఎఫ్ 8 మీద, అంటే వీహెచ్ఎఫ్‌లో ఉంది. దుకాణాల్లో 'హెచ్‌డీ యాంటెన్నా' అని అమ్మే చిన్నవి చాలావరకు యూహెచ్ఎఫ్ కోసం చేసినవి. మిగతా ఛానళ్ళన్నీ వచ్చి ఏబీసీ ఒక్కటే రావట్లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. పొడవాటి కడ్డీలున్న హై వీహెచ్ఎఫ్ భాగం కలిపి ఉన్న యాంటెన్నా తీసుకోండి.

హెచ్ఓఏ (కాలనీలోని ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు ఒప్పుకోరేమో అని టెన్షన్ పడకండి. 1996 నుంచి అమల్లో ఉన్న ఎఫ్‌సీసీ నిబంధన ప్రకారం మీ సొంత వాడకంలో ఉన్న చోట టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని వాళ్ళు ఆపకూడదు. ఇంటికప్పు కంటే 12 అడుగులు మించి లేచే స్తంభానికి మాత్రం అనుమతి అడగొచ్చు. అటకలో పెట్టినా పనిచేస్తుంది కానీ సిగ్నల్ బాగా తగ్గుతుంది, పైకప్పులో లోహపు రేకు పొర ఉంటే అసలే రాదు. బయట పెడితే స్తంభానికీ కేబుల్‌కీ ఎర్తింగ్ చేయించండి. టెక్సస్ ఉరుముల్లో ఈ పని వాయిదా వేయకూడదు.

కేబుల్ ఆర్‌జీ-6 వాడండి. రెండు టీవీలకి చీల్చే స్ప్లిట్టర్ దాదాపు 3.5 డెసిబెల్స్ తినేస్తుంది, నాలుగింటికి చీలిస్తే ఇంకా ఎక్కువ. సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్లిఫయర్ అన్ని ఇళ్ళకీ అక్కర్లేదు. టవర్‌కి దగ్గరున్నవాళ్ళు పెడితే సిగ్నల్ మితిమీరి ఉన్న ఛానళ్ళు కూడా పోతాయి.

యాంటెన్నా తిప్పేటప్పుడు ఇద్దరుండాలి, ఒకరు పైన, ఒకరు సిగ్నల్ మీటర్ ముందు. సిగ్నల్ బలం కంటే నాణ్యత చూపించే అంకె ముఖ్యం. ఏటీఎస్‌సీ సిగ్నల్ నాయిస్ కంటే దాదాపు 15 డెసిబెల్స్ పైన ఉంటేనే బొమ్మ వస్తుంది. దానికి కాస్త కిందికి జారితే మొత్తం పోతుంది, అనలాగ్‌లోలా చుక్కల బొమ్మ కూడా మిగలదు. 16 దగ్గర బొమ్మ బాగానే ఉందని ఆగిపోవద్దు. వాన పడినా, ఎదురింటి చెట్టు చిగురేసినా నిలబడాలంటే 20 దాటించండి. హెచ్‌డీహోమ్‌రన్ అనే నెట్‌వర్క్ ట్యూనర్ ఉంటే ఈ పని చాలా తేలిక, ఫోన్‌లోనే మీటర్ కనిపిస్తుంది. అందులో 'సింబల్ క్వాలిటీ' 100 దగ్గర కదలకుండా ఉండాలి. 98, 100, 95 అని ఊగుతుంటే రికార్డింగ్‌లో ముక్కలు పడుతున్నట్టే.

మీటర్‌లో బలం 90 చూపించినా బొమ్మ తెగుతుంటే గోడలకీ చెట్లకీ తగిలి ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని సిగ్నల్స్ కారణం కావచ్చు. తొలి తరం ట్యూనర్లకి ఇదే పెద్ద శత్రువు. 2005 ప్రాంతంలో ఎల్‌జీ ఐదో తరం చిప్ వచ్చాక గానీ పరిస్థితి మారలేదు. అంతకంటే పాత డబ్బా వాడేటట్టయితే యాంటెన్నా ఇంకా సూటిగా, ఇంకా ఎత్తులో ఉండాలి.

రెండో మెట్టు: ఏ డబ్బా

జేవీసీ, మిత్సుబిషి డీ-వీహెచ్ఎస్ టేపు యంత్రాలు మొదటి వరసలోవి. ఫైర్‌వైర్ తీగ మీదుగా వచ్చిన హెచ్‌డీ ప్రవాహాన్ని అవి టేపు మీద రాసేవి, ఒక్కో పెద్ద టేపు మీద 4 గంటలు. చరిత్ర మీద ప్రేమ ఉంటే తప్ప ఇప్పుడు వాటి జోలికి వెళ్ళకండి, టేపులూ హెడ్లూ దొరకడం కష్టం.

డైరెక్‌టీవీ వాళ్ళ హెచ్ఆర్10-250 చూస్తే ముచ్చటేస్తుంది. 2004లో 999 డాలర్లకి వచ్చింది. రెండు ఉపగ్రహ ట్యూనర్లు, రెండు యాంటెన్నా ట్యూనర్లు, 250 జీబీ డిస్క్. కానీ దాని బతుకంతా ఉపగ్రహ చందాతో ముడిపడి ఉంది. యాంటెన్నా కోసమే అయితే వద్దు.

సోనీ డీహెచ్‌జీ-హెచ్‌డీడీ250, దాని అన్న హెచ్‌డీడీ500, ఎల్‌జీ ఎల్ఎస్‌టీ-3410ఏ చందా లేకుండా పనిచేయడానికే పుట్టాయి. కార్యక్రమాల పట్టికని టీవీ గైడ్ ఆన్ స్క్రీన్ అనే సేవ ప్రసారంలోనే కలిపి పంపేది. ఆ సేవ 2013లో ఆగిపోయింది. చక్కటి యంత్రాలకి పట్టిక లేకుండా పోయింది. అందుకే ఇవి ఎంత చవకగా దొరికినా ట్యూనర్లుగా తప్ప తీసుకోవద్దంటాను.

డీటీవీపాల్ డీవీఆర్ 2009లో వచ్చింది. తర్వాత ఛానల్ మాస్టర్ సీఎం-7000పాల్‌గా అమ్మారు. రెండు ట్యూనర్లు, చందా లేదు. స్టేషన్లు తమ ప్రవాహంలోనే పంపే పీఎస్ఐపీ సమాచారంతో పట్టిక తయారుచేసుకుంటుంది. ఇంటర్నెట్ లేని ఇంటికి, పెద్దవాళ్ళకి ఇది బాగుంటుంది. లోపం ఒక్కటే, రికార్డు చేసినదాన్ని బయటికి తీసే దారి ఇవ్వలేదు.

నా ఓటు టివో సిరీస్3కి, టివో హెచ్‌డీకి. మొదటిది 2006 సెప్టెంబరులో 799 డాలర్లకి, రెండోది 2007లో 299కి వచ్చాయి. రెండింటికీ యాంటెన్నా ఇన్‌పుట్, రెండు ట్యూనర్లు, హెచ్‌డీఎంఐ, ఈథర్‌నెట్ ఉన్నాయి. యాంటెన్నాతో రికార్డు చేసినవి కంప్యూటర్‌కి దించుకోవచ్చు. కొనే ముందు అమ్మేవాళ్ళని ఒక ఫొటో అడగండి, 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' తెరది. అందులో రెండు వరసలు చూడాలి. 'ప్రొడక్ట్ లైఫ్‌టైమ్ సర్వీస్' అని ఉండాలి, అంటే ఆ డబ్బా ఉన్నన్నాళ్ళూ చెల్లే చందా. అది లేని టివో రికార్డు చేయదనుకునే ధర మాట్లాడండి. రెండోది, కార్యక్రమాల సమాచారం ఏ తేదీ దాకా ఉందో చూపించే వరస. ఆ తేదీ రాబోయే రోజుల్లో ఉంటే పట్టిక దిగుతోందని అర్థం. గడిచిపోయిన తేదీ ఉంటే రోజు, టైమ్, ఛానల్ చెప్పి చేసే మాన్యువల్ రికార్డింగే దిక్కు. దానికి సిద్ధమైతేనే తీసుకోండి. వెనకాల అదనపు డిస్క్ తగిలించి అమ్ముతుంటే ఆ జోడీని విడదీయకండి, రికార్డింగులు రెండు డిస్క్‌ల మీదా పరుచుకుని ఉంటాయి.

మూడో మెట్టు: పాత డబ్బాకి వైద్యం

ఈ వయసు టివోలో పోయేవి రెండే, పవర్ సప్లైలో కెపాసిటర్లు, హార్డ్ డిస్క్. 'వెల్కమ్, పవరింగ్ అప్' దగ్గర నిలిచిపోయినా, ఊరికే రీబూట్ అవుతున్నా ముందు కెపాసిటర్లని అనుమానించండి. నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లతో మూత విప్పి చూస్తే తెలుస్తుంది. మంచి కెపాసిటర్ తల బల్లపరుపుగా ఉంటుంది. పాడైనది ఉబ్బి ఉంటుంది, కొన్నిసార్లు తల మీద గీతల దగ్గర గోధుమరంగు కారి ఎండిపోయి కనిపిస్తుంది. కొత్తది వేసేటప్పుడు మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే లేదా కాస్త ఎక్కువ, 105 డిగ్రీల రకం. పవర్ సప్లైలో ప్లగ్ తీసేశాక కూడా ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. టంకం పని రానివాళ్ళు దాన్ని ముట్టుకోకుండా మరమ్మతు తెలిసినవాళ్ళకి ఇవ్వాలి.

డిస్క్ ఎలా ఉన్నా మార్చేయండి. టివో హెచ్‌డీతో వచ్చింది 160 జీబీ, హెచ్‌డీలో 20 గంటలకి మించి పట్టదు. విన్‌ఎంఎఫ్ఎస్ అనే ఉచిత ప్రోగ్రాంతో పాత డిస్క్‌ని కొత్త 1 టీబీ సాటా డిస్క్ మీదికి కాపీ చేయొచ్చు. రెండు డిస్క్‌లనీ విండోస్ కంప్యూటర్‌కి తగిలించగానే 'డిస్క్‌ని ఇనిషియలైజ్ చేయాలా' అని అడుగుతుంది. వద్దని కొట్టండి. ఆ ఒక్క క్లిక్‌తో టివో తన డిస్క్‌ని తానే గుర్తుపట్టలేని స్థితికి రావచ్చు. కాపీ అయ్యాక మిగిలిన ఖాళీని రికార్డింగులకి కలపాలా అని ప్రోగ్రాం అడుగుతుంది, దానికి ఒప్పుకోండి. లైఫ్‌టైమ్ సర్వీస్ మదర్‌బోర్డుకి ముడిపడింది, డిస్క్‌కి కాదు. కాబట్టి డిస్క్ మారిస్తే చందా పోతుందన్న భయం అక్కర్లేదు.

నాలుగో మెట్టు: స్కాన్, సెట్టింగులు

యాంటెన్నా కేబుల్‌ని యాంటెన్నా అని రాసి ఉన్న ఇన్‌పుట్‌కే బిగించండి, కేబుల్ టీవీకి వేరే ఉంది. ఛానల్ స్కాన్ పెట్టండి. 2020కి ముందు చేసిన పాత స్కాన్ డబ్బాలో మిగిలి ఉంటే చాలా ఛానళ్ళు ఇప్పుడు లేనిచోట వెతుకుతుంది, కొత్త స్కాన్ తప్పదు. వీడియో అవుట్‌పుట్‌ని (టీవీకి వెళ్ళే బొమ్మలో ఎన్ని గీతలుండాలన్నది) 1080ఐ దగ్గర స్థిరంగా పెట్టండి. సీబీఎస్, ఎన్‌బీసీ 1080ఐ, ఏబీసీ, ఫాక్స్ 720పీ వాడతాయి. 'నేటివ్'లో, అంటే స్టేషన్ పంపినది పంపినట్టే ఉంచితే ఛానల్ మార్చినప్పుడల్లా టీవీ కొన్ని క్షణాలు నల్లబడుతుంది.

రికార్డింగ్ పెట్టేటప్పుడు చివర అదనపు సమయం ఇవ్వడం అలవాటు చేసుకోండి. ఆదివారం సీబీఎస్‌లో ఫుట్‌బాల్ ఆట సాగితే ఆ తర్వాతి కార్యక్రమాలన్నీ వెనక్కి జరుగుతాయి, పట్టికకి ఆ సంగతి తెలియదు. ఆటకైతే కనీసం గంట కలపండి. డిస్క్ పెద్దది వేసుకున్నది ఇందుకే.

ఐదో మెట్టు: బయటికి తీయడం

ఈ మెట్టు లేకపోతే మిగతా శ్రమకి అర్థం లేదు. డబ్బా ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, ఫైలు మీ చేతిలో ఉండాలి. టివో సెట్టింగుల్లో 'మీడియా యాక్సెస్ కీ' అనే అంకెల వరస ఉంటుంది, రాసి పెట్టుకోండి. కేఎంటీటీజీ అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ కీ, డబ్బా ఐపీ అడ్రస్ ఇస్తే రికార్డింగుల జాబితా వస్తుంది. కావాల్సినవి ఎంచి దించుకోవచ్చు, తాళం తీసే పని కూడా అదే చేస్తుంది. వైఫై కాకుండా ఈథర్‌నెట్ తీగ వాడండి, ఫైళ్ళు పెద్దవి.

ప్రకటనలు కత్తిరించాలంటే కామ్‌స్కిప్ అనే ప్రోగ్రాం వాటిని గుర్తుపడుతుంది. దాన్ని గుడ్డిగా నమ్మకుండా ఒకసారి చూసుకుని కత్తిరించండి. కత్తిరించేటప్పుడు మళ్ళీ ఎన్‌కోడ్ చేయని పద్ధతి, అంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంలో 'కాపీ' వాడండి. చోటు ఆదా అవుతుందని చిన్న ఫైలుగా కుదిస్తే స్టేషన్ పంపిన బొమ్మ ఇక తిరిగిరాదు. ఇలా తర్వాత చూసుకోవడానికి ఇంట్లో టీవీ రికార్డు చేసుకోవడం న్యాయమేనని అమెరికా సుప్రీంకోర్టు 1984లో సోనీ బీటామ్యాక్స్ కేసులో చెప్పింది. ఊరంతటికీ పంచడం వేరే సంగతి, అది చేయకండి.

కంప్యూటర్ దారిలో వెళ్ళేవాళ్ళకి

కంప్యూటర్ లోపల బిగించే ట్యూనర్ కార్డులు కూడా వచ్చాయి: మైహెచ్‌డీ, ఫ్యూజన్ హెచ్‌డీటీవీ, ఏటీఐ హెచ్‌డీటీవీ వండర్, లైనక్స్‌కి పీసీహెచ్‌డీటీవీ హెచ్‌డీ-3000. ఈ కార్డుల కాలం నాకు చాలా ఇష్టం. 1080ఐ బొమ్మ ఆడించడానికి అప్పటి ప్రాసెసర్లకి ఊపిరాడేది కాదు, అందుకే మైహెచ్‌డీ లాంటి వాటి మీద డీకోడర్ చిప్ విడిగా పెట్టేవాళ్ళు. 2003 నవంబరులో ఎఫ్‌సీసీ 'బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్' అనే నిబంధన తెచ్చింది. 2005 జులై 1 తర్వాత తయారయ్యే హెచ్‌డీ ట్యూనర్లు స్టేషన్ పంపిన గుర్తుని గౌరవించి కాపీలని కట్టడి చేయాలన్నది దాని సారాంశం. గడువులోపే హెచ్‌డీ-3000 కొని మిత్‌టీవీ అనే ఉచిత ప్రోగ్రాంతో సొంత డీవీఆర్ కట్టుకోండని ఈఎఫ్ఎఫ్ అనే హక్కుల సంస్థ జనాన్ని ప్రోత్సహించింది. గ్రంథాలయాల సంఘం వేసిన కేసులో 2005 మే 6న అప్పీల్ కోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. ఇవాళ యాంటెన్నా రికార్డింగుని మన ఇష్టం వచ్చిన యంత్రంలో ఆడించుకోగలుగుతున్నామంటే ఆ తీర్పుకి చాలా రుణపడి ఉన్నాం.

ఇప్పుడు ఆ కార్డుల కోసం పీసీఐ స్లాట్ ఉన్న పాత కంప్యూటర్ వెతుక్కోవాలి. కాబట్టి అదే పద్ధతిని హెచ్‌డీహోమ్‌రన్‌తో చేయండి. యాంటెన్నా తీగ దానికి, అక్కడి నుంచి ఈథర్‌నెట్ రూటర్‌కి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక చిన్న లైనక్స్ కంప్యూటర్ మీద మిత్‌టీవీ గానీ టీవీహెడ్‌ఎండ్ గానీ వేసుకోవాలి. పట్టికకి షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది, చిన్న చందా తీసుకుంటుంది. 2007లో ఉచిత పట్టిక సేవ మూతపడినప్పుడు ఇలాంటి డీవీఆర్‌లు అనాథలు కాకుండా చూసింది వీళ్ళే.

ట్యూనర్ కొనేటప్పుడు ఏటీఎస్‌సీ 3.0 సంగతి గుర్తుంచుకోండి. ఈ కొత్త ప్రసార పద్ధతి పైన చెప్పిన పాత డబ్బాల్లో దేనికీ అర్థం కాదు. పైగా చాలా స్టేషన్లు దాని మీద డీఆర్ఎం తాళం (కాపీలని కట్టడి చేసే ఏర్పాటు) వేస్తున్నాయి. తాళమున్న ఛానల్‌ని తెరవలేని ట్యూనర్లు 3.0 పేరుతోనే అమ్ముడవుతున్నాయి. ఇంట్లో ఫైలుగా దాచుకోవడమే మీ ఉద్దేశమైతే పాత ఏటీఎస్‌సీ 1.0 ప్రసారాన్నే రికార్డు చేయండి. రాబిట్ఇయర్స్ జాబితాలో మీ స్టేషన్లు ఏ ఆర్ఎఫ్ మీద 1.0 ఇస్తున్నాయో విడిగా రాసి ఉంటుంది. కొన్ని ఊళ్ళలో ఒక స్టేషన్ 1.0 ప్రసారం ఇంకో స్టేషన్ టవర్ మీదికి మారింది, అక్కడ యాంటెన్నా దిక్కు మళ్ళీ సరిచూసుకుని కొత్త స్కాన్ చేయాలి.